మీ యాంప్లిఫయర్‌కి ఏ స్పీకర్లు సరిపోతాయి? వాట్స్ చూసి లక్షలు పెట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

"యాంప్ మార్చందే లాభం లేదంటున్నారయ్యా షాపులో. నిజమేనా?"

మా బావగారు ఫోన్‌లో అడిగిన ప్రశ్న ఇది. ఆయన ఈమధ్యే రిటైర్ అయ్యారు. ఇంట్లో ఛానల్‌కి 50 వాట్స్ ఇచ్చే స్టీరియో ఇంటిగ్రేటెడ్ యాంప్లిఫయర్ ఉంది. పదేళ్లుగా ఏ ఇబ్బందీ లేకుండా పనిచేస్తోంది. స్పీకర్లే పాడయ్యాయి, కోన్ చుట్టూ ఉండే ఫోమ్ పొడిపొడిగా రాలిపోయింది. ఈసారి మంచి స్పీకర్లు కొనుక్కుని తీరిగ్గా పాటలు వినాలని రెండున్నర లక్షలు పక్కన పెట్టారు. మా అక్కయ్య ఒప్పుకున్న మొత్తం అంతే. మళ్లీ మళ్లీ వచ్చే డబ్బు కాదు.

షాపులో చెప్పింది ఏమిటంటే, ఆయనకి నచ్చిన స్పీకర్ మీద 150 వాట్స్ అని ఉంది, యాంప్ 50 వాట్సే కాబట్టి ముందు 150 వాట్స్ యాంప్ కొనాలట. అది కొంటే స్పీకర్లకి లక్ష కూడా మిగలదు.

"ఆగండి బావగారూ, ముందు లెక్క వేద్దాం" అన్నాను. ఆ లెక్కే ఇవాళ్టి ఆర్టికల్. మీ దగ్గర ఇప్పటికే ఒక యాంప్ ఉండి, దానికి ఖరీదైన స్పీకర్లు వెతుకుతుంటే ఇది మీకు పనికొస్తుంది.

ముందు నేను చేసిన తప్పు

కొన్నేళ్ల క్రితం ఒక షోరూమ్‌లో పొడుగాటి ఫ్లోర్‌స్టాండింగ్ స్పీకర్లు విని మనసు పారేసుకున్నాను. స్పెక్ షీట్‌లో సెన్సిటివిటీ 88 డెసిబెల్స్, ఇంపిడెన్స్ 4 ఓమ్స్ అని ఉంది. మా ఇంట్లో ఉన్నది 100 వాట్స్ ఏవీ రిసీవర్. వంద వాట్స్ ఉన్నాయి కదా, చాలవా అనుకున్నాను.

ఇంటికి తెచ్చాక మామూలు వాల్యూమ్‌లో పర్వాలేదు. కాస్త పెంచి, డ్రమ్స్ గట్టిగా ఉన్న పాట పెడితే మాత్రం రిసీవర్ టక్కున ఆగిపోయేది. డిస్‌ప్లే మీద ప్రొటెక్షన్ మెసేజ్. రిసీవర్ చెడిపోయిందనుకుని సర్వీస్ ఇంజినీర్‌ని పిలిపించాను. ఆయన అన్నీ చూసి, "మీ రిసీవర్ బాగానే ఉంది సార్, స్పీకర్లే దీనికి బరువు" అన్నారు. పైగా మా చిన్న గదిలో బాస్ గుయ్యిమని ఒకటే మోత. ఏడాది తిరక్కుండా సగం ధరకి అమ్మేశాను.

నాకు అప్పుడు తెలియనివి మూడు: సెన్సిటివిటీ, ఓమ్స్, గది. వీటిని వరసగా చూద్దాం. అంతకంటే ముందు వాట్స్ సంగతి తేల్చేద్దాం.

వాట్స్ ఏం చెబుతాయి, ఏం చెప్పవు

తొంభైల్లో టేప్ రికార్డర్ల మీద "1000 వాట్స్ పీఎంపీఓ" అని మెరిసే స్టిక్కర్లు గుర్తున్నాయా? ఇప్పుడు అంత మోసం లేదు కానీ, ఆ అలవాటు మనల్ని పూర్తిగా వదల్లేదు. ఎక్కువ వాట్స్ అంటే ఎక్కువ మంచిది అనే అనుకుంటాం.

స్పీకర్ మీద ఉండే వాట్స్, అది ఎంతవరకు తట్టుకోగలదో చెప్పే అంకె. దానికి అన్ని వాట్స్ కావాలని అర్థం కాదు. లిఫ్ట్‌లో "10 మంది" అని రాసి ఉన్నంత మాత్రాన పదిమంది వచ్చేదాకా మనం ఆగుతామా? ఇదీ అంతే.

యాంప్ మీద ఉండే వాట్స్ విషయంలో, వాటిని ఎలా కొలిచారన్నది ముఖ్యం. "8 ఓమ్స్, రెండు ఛానళ్లూ పనిచేస్తుండగా, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, 0.1 శాతం లోపు డిస్టార్షన్" అని ఉంటే ఆ 50 వాట్స్ నికరమైనవి. "6 ఓమ్స్, ఒకే ఛానల్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్" అని ఉంటే ఆ 100 వాట్స్‌లో చాలా భాగం కాగితం మీదే. చాలా ఏవీ రిసీవర్ల అట్టపెట్టెల మీద కనిపించే పెద్ద అంకె ఈ రెండో రకం.

ఇంకో విషయం. పవర్ రెట్టింపు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి శబ్దం రెట్టింపు అయినట్టు అనిపించాలంటే దాదాపు 10 డెసిబెల్స్ పెరగాలి, అంటే పవర్ పది రెట్లు కావాలి. కాబట్టి 50 వాట్స్ నుంచి 150కి వెళ్తే వచ్చే తేడా 5 డెసిబెల్స్ కంటే తక్కువే. బావగారి బడ్జెట్‌లో సగానికి పైగా ఆ 5 డెసిబెల్స్ కోసం పోతుందన్నమాట.

అలాగని చిన్న యాంప్‌ని ఫుల్ వాల్యూమ్‌లో బాదకూడదు. యాంప్ శక్తి అయిపోయాక సౌండ్ వేవ్ పైభాగం తెగిపోతుంది. దాన్నే క్లిప్పింగ్ అంటారు. అలా ఎక్కువసేపు నడిపితే ముందు పోయేది ట్వీటరే.

సెన్సిటివిటీ: మీ కుర్చీ దగ్గర లెక్క

1 వాట్ ఇస్తే 1 మీటర్ దూరంలో స్పీకర్ ఎన్ని డెసిబెల్స్ ఇస్తుందో అదే సెన్సిటివిటీ. ఇది స్పీకర్ మైలేజీ లాంటిది.

మూడు మెట్ల లెక్క ఇది:

1. సెన్సిటివిటీ అంకె తీసుకోండి.
2. దూరానికి తీసేయండి. ఆరుబయట అయితే దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతుంది. గదిలో గోడలు కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి అంత తగ్గదు. 10 అడుగుల దూరానికి 7 తీసేస్తే సరిపోతుంది.
3. స్పీకర్లు రెండు కాబట్టి 3 కలపండి.

ఉదాహరణకి కెఫ్ ఎల్‌ఎస్50 మెటా సెన్సిటివిటీ 85 డెసిబెల్స్. 85లో 7 తీసి 3 కలిపితే 81. అంటే ఒక్క వాట్‌తో మీ కుర్చీ దగ్గర 81 డెసిబెల్స్.

ఇప్పుడు మీకు ఎంత కావాలి? ఇంట్లో శ్రద్ధగా వినేటప్పుడు సగటున 75 డెసిబెల్స్ అంటే బాగానే గట్టిగా ఉన్నట్టు. కానీ సంగీతం ఎప్పుడూ సగటులో ఉండదు. మృదంగం మీద దెబ్బ పడినప్పుడు, ఆర్కెస్ట్రా ఒక్కసారిగా లేచినప్పుడు 20 డెసిబెల్స్ వరకు పైకి పోవచ్చు. కాబట్టి 95 డెసిబెల్స్‌కి సిద్ధంగా ఉండాలి. 81 నుంచి 95కి ఇంకా 14 డెసిబెల్స్, అంటే 25 రెట్లు. 25 వాట్స్ చాలు. బావగారి 50 వాట్స్‌లో సగం ఇంకా మిగిలే ఉంటుంది.

ఇదే లెక్కని క్లిప్ష్ హెరెసీ 4కి వేయండి. దాని సెన్సిటివిటీ 99 డెసిబెల్స్. 99లో 7 తీసి 3 కలిపితే 95. కావాల్సిన పీక్ ఒక్క వాట్‌తోనే వచ్చేసింది! 8 వాట్స్ ఇచ్చే 300బీ వాల్వ్ యాంప్ ఉన్నవాళ్లు ఇలాంటి హార్న్ స్పీకర్లనే ఎందుకు వెతుక్కుంటారో ఇప్పుడు అర్థమైందా?

కంపెనీలు ఇచ్చే సెన్సిటివిటీ అంకెలు కొంచెం ఉదారంగా ఉంటాయి. భద్రత కోసం 2, 3 డెసిబెల్స్ తగ్గించి లెక్క వేసుకోండి. ఎల్‌ఎస్50 మెటాకి 3 తగ్గించినా కావాల్సింది 50 వాట్స్. అప్పటికీ బావగారి యాంప్ గట్టెక్కుతుంది.

మరి షాపువాళ్లు చెప్పింది పూర్తిగా తప్పా? అలా కూడా అనలేం. మీరు సగటున 85 డెసిబెల్స్‌తో వింటే, పీక్ 105కి వెళ్తుంది. అప్పుడు అదే 85 డెసిబెల్స్ స్పీకర్‌కి 250 వాట్స్ కావాలి. 50 వాట్స్ యాంప్ అక్కడికి చేరలేదు. ఎల్‌ఎస్50 మెటాకి కంపెనీ సూచించే పవరే 40 నుంచి 100 వాట్స్, కాబట్టి స్పీకరూ సరిపోదు. అంత గట్టిగా వినేవాళ్లు యాంప్‌ని మార్చడం కంటే ఎక్కువ సెన్సిటివిటీ ఉన్న స్పీకర్ కొనడమే చవక.

ఓమ్స్: నన్ను ముంచింది ఇదే

స్పెక్ షీట్‌లో "8 ఓమ్స్" అని ఒకే అంకె ఉంటుంది. నిజానికి అది ఫ్రీక్వెన్సీని బట్టి పైకీ కిందికీ పోతూనే ఉంటుంది. మీరు చూడాల్సింది కనీస ఇంపిడెన్స్. ఎల్‌ఎస్50 మెటా పేరుకి 8 ఓమ్స్, కనీసం 3.5. బోవర్స్ అండ్ విల్కిన్స్ 805 డీ4 కూడా పేరుకి 8 ఓమ్సే, కనీసం 4.6.

ఇది ఎందుకు ముఖ్యమో చూడండి. 8 ఓమ్స్‌లో 50 వాట్స్ ఇవ్వాలంటే యాంప్ 20 వోల్ట్స్ పెడుతుంది, 2.5 ఆంపియర్ల కరెంట్ పోతుంది. అదే 20 వోల్ట్స్‌కి 4 ఓమ్స్ స్పీకర్ 5 ఆంపియర్లు లాగుతుంది. 2.8 ఓమ్స్‌కి దిగితే 7 ఆంపియర్లు దాటుతుంది. అంత కరెంట్ ఇవ్వాలంటే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మర్, గట్టి పవర్ సప్లై ఉండాలి. లేకపోతే మా రిసీవర్ చేసిన పనే చేస్తుంది.

నేను మోసపోయిన చోటు ఇంకొకటి ఉంది. సెన్సిటివిటీని చాలా కంపెనీలు 1 వాట్‌తో కాకుండా 2.83 వోల్ట్స్‌తో కొలుస్తాయి. 8 ఓమ్స్‌కి అది సరిగ్గా 1 వాట్. 4 ఓమ్స్‌కి అది 2 వాట్స్. అంటే నేను కొన్న "88 డెసిబెల్స్" స్పీకర్ నిజానికి 85 డెసిబెల్స్‌దే.

యాంప్‌కి ఎంత దమ్ముందో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 8 ఓమ్స్‌లో, 4 ఓమ్స్‌లో ఎన్నెన్ని వాట్స్ ఇస్తుందో పక్కపక్కన చూడండి. 50 కాస్తా 80, 90 అయితే మంచి యాంప్. 100 దగ్గరకి వస్తే చాలా మంచిది. 4 ఓమ్స్ అంకె అసలు ఇవ్వకపోతే, కనీసం 5 ఓమ్స్‌కి తగ్గని స్పీకర్లే చూసుకోండి. బావగారి యాంప్ మాన్యువల్‌లో 8 ఓమ్స్‌లో 50, 4 ఓమ్స్‌లో 80 అని ఉంది. ఇబ్బంది లేదు.

సెన్సిటివిటీ తక్కువ ఉండటం వేరు, ఓమ్స్ తక్కువ ఉండటం వేరు. 1970లలో బీబీసీ ఇంజినీర్లు చిన్న కంట్రోల్ రూమ్‌ల కోసం తయారుచేసిన ఎల్‌ఎస్3/5ఏ సెన్సిటివిటీ 82, 83 డెసిబెల్సే. కానీ మొదటి మోడల్ ఇంపిడెన్స్ 15 ఓమ్స్. గట్టిగా మోగదు కానీ యాంప్‌ని మాత్రం కష్టపెట్టదు. 1980లలో వచ్చిన అపోజీ సింటిల్లా ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. దాని ఇంపిడెన్స్ 1 ఓమ్ దగ్గర ఉండటంతో చాలా యాంప్‌లు దాని ముందు చేతులెత్తేశాయి.

మీది వాల్వ్ యాంప్ అయితే ఇంపిడెన్స్ మరీ ఎత్తుపల్లాలు లేకుండా ఉన్న స్పీకర్ ఎంచుకోండి. వాల్వ్ యాంప్ అవుట్‌పుట్ ఇంపిడెన్స్ ఎక్కువ కాబట్టి, ఆ ఎత్తుపల్లాలు సౌండ్‌లో కూడా వినిపిస్తాయి.

గది: బిల్లులో కనిపించని కాంపొనెంట్

బావగారు పాటలు వినే గది 14 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. కింద టైల్స్, చుట్టూ సిమెంటు గోడలు, ఒకవైపు పెద్ద గాజు కిటికీ. మన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ గదులు ఇలాగే ఉంటాయి.

562ని గది పొడవుతో (అడుగుల్లో) భాగించండి. ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర గది మోగుతుందో తెలుస్తుంది. 14 అడుగులకి 40 హెర్ట్జ్, 12 అడుగులకి 47 హెర్ట్జ్. బాస్ గిటార్ మందమైన తీగని వట్టిగా మీటితే వచ్చే స్వరం 41 హెర్ట్జ్. అంటే ఆ గదిలో 40 హెర్ట్జ్ దాకా దిగే పెద్ద స్పీకర్ పెడితే, ఆ ఒక్క స్వరం మిగతా పాటనంతా మింగేస్తుంది. పొడవు, వెడల్పు సమానంగా ఉన్న గదుల్లో ఇది మరీ ఎక్కువ.

అందుకే ఇంత గదికి నా సలహా, స్టాండ్ మీద పెట్టే మంచి బుక్‌షెల్ఫ్ స్పీకర్లే. అదే ధరకి ఫ్లోర్‌స్టాండింగ్ వస్తోందని ఆశపడకండి. డబ్బు పెద్ద డబ్బాకి కాకుండా మంచి డ్రైవర్లకీ, క్రాస్ఓవర్‌కీ పోతుంది.

రెండున్నర లక్షలు ఎలా పంచాం

* స్పీకర్లు: 1,95,000 రూపాయలు.
* స్టాండ్లు: 14,000. వెల్డింగ్ షాపులో చేయించి, లోపల ఎండు ఇసుక నింపించాం. కూర్చున్నప్పుడు చెవులు ఉండే ఎత్తుకి ట్వీటర్ రావాలి.
* మందపాటి కార్పెట్, బరువైన కర్టెన్లు: 22,000.
* స్పీకర్ వైరు: 3,000.

వైరుకి అంత తక్కువా అని అడుగుతారేమో. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు 5 మీటర్ల దూరానికి, పోను రాను కలిపి దాదాపు 0.07 ఓమ్స్ మాత్రమే. 8 ఓమ్స్ ముందు అదెంత? వేలు పోసి వైరు కొనే బదులు కార్పెట్ కొనండి, తేడా మీ చెవికే తెలుస్తుంది.

మొత్తం 2,34,000. యాంప్ మారలేదు.

డెమో ఎలా వినాలి

మొదట వాల్యూమ్ సమానం చేయండి. రెండు స్పీకర్లలో ఏది కొంచెం గట్టిగా మోగితే అదే బాగున్నట్టు అనిపిస్తుంది. ఫోన్‌లో ఒక సౌండ్ మీటర్ యాప్ వేసుకుని, అదే కుర్చీ దగ్గర రెండింటికీ ఒకే రీడింగ్ వచ్చేలా సర్దండి. ఫోన్ మైక్ కచ్చితమైనది కాకపోయినా, పోల్చి చూడటానికి పనికొస్తుంది.

తర్వాత మీకు బాగా తెలిసిన పాటలే పెట్టండి. మేం పెట్టినవి ఇవి:

1957 నాటి "మాయాబజార్" పాట ఒకటి. అది మోనో రికార్డింగ్. స్పీకర్లు సరిగ్గా జత కుదిరితే ఘంటసాల గొంతు రెండు స్పీకర్ల సరిగ్గా మధ్య నుంచి, అక్కడెవరో నిలబడి పాడినట్టు రావాలి. పక్కకి జరిగినా, చెదిరినట్టు ఉన్నా ఏదో తేడా ఉన్నట్టే. స్టీరియో పరీక్షకి మోనో పాటని మించింది లేదు.

1989 నాటి "గీతాంజలి" పాట ఒకటి. ఇళయరాజా బాస్ గిటార్ వరసలో ప్రతి స్వరం విడివిడిగా వినపడాలి. ఒక్క స్వరం మాత్రమే ఉబ్బితే గది కానీ, స్పీకర్ పెట్టిన చోటు కానీ సరిగ్గా లేదు.

తంబురా శ్రుతి ఒక ఐదు నిమిషాలు. ఎక్కడా గరుకు వినపడకూడదు. చెవి అలసిపోకూడదు.

40 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది అనే మాటలకి పడిపోకండి. వయసు పెరిగేకొద్దీ చెవికి పై ఫ్రీక్వెన్సీలే ముందు తగ్గుతాయి. బావగారి వయసులో గొంతు, వయొలిన్, వీణ ఉండే మధ్యభాగం శుభ్రంగా ఉండటమే అసలు విషయం.

చివరిగా, షోరూమ్ గది మీ గది కాదు. ఇంటికి తెచ్చి రెండు రోజులు వినే అవకాశం అడగండి. కుదరకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి తీసుకుంటారో కాగితం మీద రాయించుకోండి. వారంటీ ఇండియాలోని అధికారిక డిస్ట్రిబ్యూటర్‌దేనా కాదా చూసుకోండి.

ఇంతకీ బావగారు ఏం కొన్నారు?

87 డెసిబెల్స్, పేరుకి 8 ఓమ్స్, కనీసం 5 ఓమ్స్ ఉన్న ఒక జత బుక్‌షెల్ఫ్ స్పీకర్లు. మోడల్ పేరు చెప్పడం లేదు. మీ యాంప్, మీ గది వేరు కాబట్టి ఆ పేరు మీకు పనికిరాదు, లెక్కే పనికొస్తుంది. 87లో 7 తీసి 3 కలిపితే 83. 95కి ఇంకా 12 డెసిబెల్స్. అంటే 16 వాట్స్.

వెనక గోడకి రెండడుగుల దూరంలో, ఆయన కుర్చీతో సమాన త్రిభుజం వచ్చేలా పెట్టాం. మొదటి పాటకి సౌండ్ ఏదో మసకగా అనిపించింది. ఏమిటా అని చూస్తే పైన ఫ్యాన్ ఐదులో తిరుగుతోంది! ఆపేశాక ఆ పాటే వేరేలా ఉంది. సన్నని శబ్దాలన్నీ అప్పటిదాకా ఆ గాలి హోరు కింద ఉండిపోయాయి.

మొన్న వెళ్లినప్పుడు చూశాను. వాల్యూమ్ నాబ్ పది గంటల దగ్గర ఉంది, ఫోన్‌లో మీటర్ 70, 75 మధ్య ఆడుతోంది. బావగారు కళ్లు మూసుకుని వింటున్నారు. మిగిలిన 16,000 సంగతి అడిగితే, "అది మీ అక్కయ్య దగ్గరుంది, నన్నడగకు" అన్నారు.

మీరు కూడా షాపుకి వెళ్లేముందు ఒక కాగితం మీద నాలుగు అంకెలు రాసుకోండి: గది కొలతలు, కుర్చీ దూరం, మీ యాంప్ 8 ఓమ్స్‌లో ఇచ్చే వాట్స్, 4 ఓమ్స్‌లో ఇచ్చే వాట్స్. అవి చేతిలో ఉంటే, ఏ స్పీకర్ ముందు నిలబడినా అది మీ ఇంటికి సరిపోతుందో లేదో రెండు నిమిషాల్లో మీకే తెలిసిపోతుంది.